గిన్నెలన్నీ పంచి వెళ్లిన మా యారాలు

మా యారాలు చనిపోయింది. పోయిన నెల ఒక ఆదివారం పొద్దున చర్చికి బయల్దేరుతూ, చెప్పులు వేసుకోవడానికి కూర్చున్న కుర్చీలోనే పక్కకు ఒరిగింది. ఉప్పల్‌లో ఆసుపత్రికి తీసుకెళ్లాం. అప్పటికే ప్రాణం పోయిందని డాక్టరు చెప్పాడు. ఏడాదిగా గుండె జబ్బు ఉంది. మందులు వేళకు వేసుకునేది.

వార్త అయితే ఇక్కడితో అయిపోతుంది. నేను చాలా ఏళ్లుగా రాస్తున్నది అలాంటి వార్తలే. ఇది మాత్రం అంతటితో ఆపబుద్ధి కాలేదు.

యారాలు అంటే తోడికోడలు. నా భర్త అన్నగారి భార్య. నాచారంలో మా ఇంటి కింది వాటాలో వాళ్లు, పై వాటాలో మేము. నేను అక్క అనేదాన్ని, ఆమె నన్ను చెల్లె అనేది. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు మంచి మాత్రమే రాయడం ఆనవాయితీ. ఆమె మంచిని నేను దగ్గర నుంచి చూశాను. చూసిన ప్రతిసారీ కుళ్లుకున్నాను. అది వదిలేసి రాస్తే సగమే రాసినట్టవుతుంది.

ఆమె మల్లాపూర్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీలో స్టోర్స్ చూసేది. నట్లు, బోల్టులు, వాషర్లు, బేరింగులు. ఎవరు ఏది అడిగినా అర వెతక్కుండా తీసి చేతిలో పెట్టడం ఆమె ఉద్యోగం. ఇంటికొచ్చి వంటింటిని కూడా అలాగే నడిపింది. రోజూ వాడేవి నడుము ఎత్తు నుంచి భుజం ఎత్తు దాకా. ఎప్పుడో ఒకసారి వాడేవి పై అరలో. బరువైన గంజులు నేల మీద. గాజు గ్లాసుల్ని బోర్లించేది కాదు. అంచు పలుచగా ఉంటుంది, బరువంతా దాని మీద పడితే బీట వస్తుందని నిలబెట్టి, పైన పాత నూలు చీర ముక్క కప్పేది. ఒక గిన్నె వెనక ఇంకో గిన్నె దాక్కోవడం ఆమె వంటింట్లో లేదు. "కనవడకపోతే అది లేనట్టే" అనేది.

నా వంటింట్లో ఏది ఎక్కడుందో కూడా ఆమెకే తెలుసు. మా ఆయన చాయ్ వడగట్టే జాలి దొరక్క మెట్ల మీద నిలబడి "వదినా, జాలి ఏడున్నదో జర చెప్పరాదు!" అని కేకేసేవాడు. కింద నుంచే జవాబు వచ్చేది.

"గ్యాస్ బండ ఎనక మేకుకున్నది సూడు."

అక్కడే ఉండేది. నేను స్టవ్వు ముందే నిలబడి ఉండేదాన్ని. ఆయన నన్ను అడగలేదన్న సంగతి ఆయనకు తట్టేది కూడా కాదు.

మా అమ్మాయికి మంచినీళ్లు తాగాలన్నా కిందికే పోవాలి. పైన ఫిల్టరు ఉంది, ఫ్రిజ్ ఉంది. "పెద్దమ్మ దగ్గర గ్లాసుల తాగితే మంచిగుంటది" అనేది. ఆ గ్లాసుల కథ చెప్పాలి.

మన పెళ్లిళ్లలో, గృహప్రవేశాల్లో లెమన్ సెట్లు ఇస్తారు. ఒక జగ్గు, ఆరు గ్లాసులు, పైన మెరిసే కాగితం. అవి ఎవరూ విప్పరు. సజ్జ మీద పెట్టి, ఇంకొకరి పెళ్లికి అదే కాగితంతో ఇచ్చేస్తారు. అక్క కూడా అలాగే ఒక సెట్టును మేడిపల్లిలో పెళ్లికి ఇచ్చింది. చాలాకాలం తరువాత అక్క, బావగారి పెళ్లిరోజు ప్రార్థనకు వచ్చిన బంధువొకామె ఒక లెమన్ సెట్టు తెచ్చి అక్క చేతిలోనే పెట్టింది. డబ్బా మూలన నీళ్ల మరక. ఆ మరక మా సజ్జ మీద కారిన వాన నీళ్లది. ఇచ్చినామె కొత్తదానిలాగే ఇచ్చింది, అక్క కొత్తదానిలాగే తీసుకుంది. చుట్టాలు వెళ్లిపోయాక నడుం పట్టుకుని నవ్వింది.

"మేడిపల్లి పోయి, యాడయాడనో తిరిగి, పెద్ద చుట్టం లెక్క మళ్ల ఇంటికొచ్చింది సూడే!"

మర్నాడు సజ్జ మీదున్న డబ్బాలన్నీ దించింది. ఒక్కటి మిగల్చకుండా విప్పింది. "డబ్బల ఉన్నంత సేపు అది గ్లాసు గాదు, గిఫ్టు. గిఫ్టుతోని నీళ్లు తాగస్తదా?" అంది. అప్పటి నుంచి గ్యాస్ సిలిండర్ తెచ్చినతనికి కూడా బంగారు అంచు గ్లాసులోనే నీళ్లు. అతను భయపడ్డాడు.

"అమ్మా, స్టీల్ దాంట్ల ఇయ్యున్రి. పలుగుతదేమో."

"పలిగితే పలుగుతది. నువ్వైతే తాగు."

అప్పుడప్పుడు నిజంగానే పగిలేవి. ముక్కలు పాత పేపర్లో చుట్టి, పైన రబ్బరు బ్యాండు వేసి, చెత్తబండి వాళ్లకు చెప్పి ఇచ్చేది. "ఒకటి తగ్గింది" అనేది, బరువు దిగినట్టు. పైన నా లెమన్ సెట్లు కాగితాలతో అలాగే ఉండేవి. వాటిని విప్పుదామని ఎన్నోసార్లు అనుకున్నాను. విప్పితే ఆమెను చూసి విప్పినట్టు అవుతుందని విప్పలేదు.

గాజు తేలికగానే తగ్గింది. స్టీలు తగ్గలేదు. స్టీలు పగలదు, చిరగదు, పోదు. పెళ్లిలో వచ్చినవి, మా అత్తమ్మ దాచినవి, ఫ్యాక్టరీ వాళ్లు పండక్కి ఇచ్చినవి, పాత బట్టలకు మార్చుకున్నవి కలిసి సర్వలు, డబ్బాలు, టిఫిన్లు, తాంబాళాలు ఒక మంచం నిండేవి. క్రిస్మస్‌కు ముందు అన్నీ వాకిట్లో తోమి నవారు మంచం మీద ఆరబెట్టేది. పోయిన క్రిస్మస్ నుంచి ఈ క్రిస్మస్ దాకా చేతికి రానిది ఇంట్లో ఉండకూడదని ఆమె నియమం. కానీ పారేయదు. పాత సామాన్లవాడికి వేయదు. "అన్నం పెట్టిన గిన్నెను తూకానికి ఏస్తరా?" అనేది.

అందుకని ఒక పద్ధతి మొదలుపెట్టింది. అక్కర్లేని గిన్నెలో కూర పెట్టి పక్కింటికి పంపేది. గిన్నె మళ్లీ తేవద్దు, ఉంచుకోమని చెప్పి పంపేది. ఒట్టి గిన్నె ఇస్తే బాగుండదు, కూరతో ఇస్తే గిన్నె సంగతి ఎవరూ పట్టించుకోరని ఆమె లెక్క.

ఆ లెక్క తప్పింది. మా గల్లీలో సగం మంది మాలాగే జనగామ వైపు నుంచి వచ్చినవాళ్లు, సగం మంది కోస్తా వాళ్లు. ఏ ఊరివాళ్లయినా ఒక విషయంలో ఒకటే. గిన్నె ఉంచుకోరు. తిరిగి ఇచ్చేటప్పుడు ఖాళీగా ఇవ్వరు. వంకాయ కూరతో పోయిన గిన్నె పులిహోరతో వచ్చింది. చికెన్‌తో పోయిన డబ్బా సున్నుండలతో వచ్చింది. ఏమీ లేని ఇంటి నుంచి చెంచాడు చక్కెరతో వచ్చింది. గిన్నెలు తగ్గకపోగా, హడావుడిలో వేరేవాళ్ల గిన్నె ఒకటి అదనంగా కూడా వచ్చింది. బావగారు ఆ రోజుల్లో రోజుకో ఇంటి వంట తినేవారు.

"నువ్వు ఇల్లు ఖాళీ చేస్తున్నవా, హోటల్ పెట్టినవా?" అని అడిగారు.

"మీకేం తక్వైంది? కూసొని తింటున్రు గద" అంది.

తప్పు ఎక్కడుందో ఆమె కనిపెట్టింది. ప్రతి గిన్నె అంచు మీద ఆమె పేరు ఉంది. మన దగ్గర స్టీలు సామాను మీద పేరు కొట్టించడం అందరికీ తెలిసిందే. దుకాణంలో చిన్న మిషన్ గర్రుమంటూ చుక్కచుక్కగా పేరు పొడుస్తుంది. పేరున్న గిన్నె పేరున్నవాళ్ల ఇంటికే రావాలి. కాబట్టి తీసుకునేవాళ్ల పేరే దాని మీద ఉంటే?

అక్కర్లేని గిన్నెలు సంచిలో వేసుకుని ఉప్పల్‌లో స్టీలు దుకాణానికి వెళ్లింది. ఆ రోజు నేను వెంట ఉన్నాను. దుకాణదారు గిన్నెను అటూ ఇటూ తిప్పాడు.

"ఏందమ్మా, కొత్తది కొనకుంట పాతది తెచ్చి పక్కింటోళ్ల పేరు కొట్టుమంటవ్?"

"పక్కింటికే పోతది గనక."

"మరి అంచు మీద నీ పేరుండె గద?"

"ఉండనీ. పుట్టింటి పేరు ఉండదా? నడుము మీద వాళ్లది కొట్టు."

ఆ తరువాత ఒక్క గిన్నె కూడా తిరిగి రాలేదు. తన పేరున్న గిన్నెను తిరిగి ఇవ్వడం ఎవరికీ చేతకాలేదు. పక్కింటి కోస్తా ఆవిడైతే దాన్ని వంటింట్లో కాదు, ముందు గదిలో టీవీ పక్కన పెట్టుకుంది. పేరు కనిపించేలా తిప్పి మరీ.

"చూశారా అండీ, మా ఆయన ఇన్నేళ్లలో నా పేరు ఎక్కడా రాయించలేదు. మీ అక్కగారు చూడండి, పొట్టిపేరు కూడా కాదు, పూర్తిపేరు వేయించారు!"

చూశాను. చాలా ఇళ్లలో చూశాను. కుట్టుమిషన్ ఆమె ఇంట్లో, ఇస్త్రీబండి వాళ్ల ఇంట్లో, చర్చిలో పాటలు నడిపించే అమ్మాయి ఇంట్లో. ఒక వార్త పని మీద ఘట్‌కేసర్‌లో ఒక ఇంటికి వెళితే, అది మా గల్లీలో ఇదివరకు అద్దెకున్నవాళ్ల ఇల్లు. నాకు చాయ్‌తో పాటు మురుకులు పెట్టిన పళ్లెం మీద వాళ్ల పేరు, అంచున అక్క పేరు. మురుకు తిన్నాను. రుచి గుర్తులేదు.

మా అమ్మాయికి చదువు అయిపోయిన ఏడాది టిఫిన్ డబ్బా ఇచ్చింది, పేరుతో. మా ఆయనకు ఒక చెంబు ఇచ్చింది, పేరుతో. నాకు ఇవ్వలేదు. నా పేరు పేపర్లో అచ్చవుతుంది. ఊళ్లో చాలామందికి తెలిసిన పేరు. స్టీలు గిన్నె మీద చుక్కల అక్షరాల్లో లేకపోతే ఏమిటని నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకుంటే తగ్గలేదు. మంత్రులను, పోలీసు అధికారులను నిలబెట్టి ప్రశ్నలు అడిగే పని నాది. మెట్లు దిగి ఆమెను ఈ ఒక్క మాట అడగలేకపోయాను.

జబ్బు బయటపడ్డాక ఆమె ఉద్యోగం మానేసింది. వంటింటిని చివరిసారి సర్దడం మొదలుపెట్టింది. అది చివరిదని ఆమె అనలేదు, మేమూ అనలేదు. తను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేది. మా అమ్మాయి ఒక్కొక్కటి తీసి చూపించేది.

"పెద్దమ్మా, ఈ ఇడ్లీ పాత్ర?"

"కుట్టుమిషనామె కోడలు నీళ్లు పోసుకున్నది. ఆమెకు పనికొస్తది. పేరు కొట్టిచ్చుకొని రా."

"ఈ పెద్ద గంజు?"

"చర్చికి. దాని మీద ఏ పేరు వద్దు. నాది కూడ గీకెయ్యమను."

"ఈ పింగాణి ప్లేట్లు మస్తున్నయ్, ఉంచుకుందాం పెద్దమ్మా."

"ఉంచుకో. అయితే రేపే దాంట్ల తిను. షోకేసుల పెడితే నా మీద ఒట్టు."

నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. నేను మెల్లగా చెప్పినా గట్టిగా చెప్పినా మంచం మీద దుప్పటి మడవని పిల్ల, అక్కడ ఒక్కో గ్లాసును కాగితంలో చుట్టి నిలబెడుతోంది. ఎలా చుట్టాలో అక్క వేలితో గాలిలో చూపిస్తోంది. ఆ ఇద్దరి మధ్యకి నేను ఏ పని మీద వెళ్లాలో తెలియలేదు. అప్పుడు అడిగాను. నవ్వుతున్నట్టే అడిగాను.

"అక్కా, గల్లీ మొత్తానికి ఇచ్చినవ్. నా పేరు మీద ఒక గిన్నె లేదా?"

ఆమె నన్ను చూసింది.

"ఏం జేస్తవే గిన్నె? వండుతవా?"

మా అమ్మాయి నవ్వింది. అక్క నవ్వింది. నేనూ నవ్వి పైకి వెళ్లిపోయాను. ఆ మాట అబద్ధం కాదు కాబట్టి కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేకపోయింది.

ఆమె పోయిన రోజు నుంచి, చర్చివాళ్లు వచ్చి ప్రార్థన చేసే ఆదరణ కూడిక అయ్యేదాకా మా ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. గల్లీ వాళ్లే వండి తెచ్చారు. వాకిట్లో బల్ల మీద వరుసగా గిన్నెలు. పప్పు, చారు, అన్నం, బగారా. ప్రతి గిన్నె నడుము మీద తెచ్చినవాళ్ల పేరు, అంచు మీద ఆమె పేరు. ఎవరూ అనుకుని చేసింది కాదు, వాళ్ల ఇళ్లలో పెద్ద గిన్నెలంటే అవే. కోస్తా ఆవిడ తన గిన్నెను చీర చెంగుతో తుడుస్తూ ఏడ్చింది. "నన్ను మరిచిపోలేదండీ, మహాతల్లి" అంది. ఆ గిన్నెను చూస్తూ నిలబడ్డాను. నా దుఃఖం దాకా నేను వెళ్లడానికి అది అడ్డంగా ఉంది. కూడిక అయ్యాక ఎవరి గిన్నె వాళ్లు తీసుకెళ్లారు.

తరువాతి వారం సెలవు పెట్టాను. కిరాణా దుకాణం నుంచి అట్టపెట్టెలు తెచ్చుకుని కిందికి వెళ్లాను. వంటిల్లు సర్దుతానని బావగారికి చెప్పాను. సర్దడమే అయితే మా అమ్మాయి నాకంటే బాగా చేస్తుంది. నేను వెళ్లింది వెతకడానికి. ఎక్కడో ఒక మూల, ఇవ్వడానికి వీలు కాక ఉండిపోయిన గిన్నె ఉంటుందని నా నమ్మకం.

అరల మీది గుడ్డలు తీశాను. ఖాళీ. కింది అర తెరిచాను. ఒక చిన్న కుక్కరు, ఒక సర్వ, ఒక కడాయి. సజ్జ మీద ఏమీ లేదు, దుమ్ము కూడా లేదు. చెంచాల స్టాండులో రెండు చెంచాలు. గోడకున్న స్టాండులో రెండు కంచాలు, రెండు గ్లాసులు. అన్నీ బావగారి చేతికి అందే ఎత్తులో ఉన్నాయి. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషి వంగకుండా, ఎగరకుండా తీసుకునే ఎత్తు. ఆయన ఒక్కరే ఎలా వండుకోవాలో, ఎక్కడ నిలబడాలో అంతా ఆలోచించి పెట్టింది. ఒక మనిషి గురించి ఇంకో మనిషి అంతగా ఆలోచించడం చూసి మళ్లీ కుళ్లుకున్నాను.

కంచాలు తీసి తిప్పి చూశాను. ఒకదాని మీద బావగారి పేరు. రెండోదాని మీద ఏమీ లేదు. అంచు మీద ఆమె పేరు కూడా లేదు, అంటే అక్క తను తినే కంచం కూడా పంచేసింది.

ముందు గదిలో బావగారు పేపరు చదువుతున్నారు.

"బావగారూ, ఈ రెండో కంచం మా పాపదా?"

"పాపది పైకి తీస్కపోయింది గద, డబ్బ. అది నీది."

"నాదెట్లయితది? పేరు లేదు."

ఆయన కళ్లద్దాలు పైకి నెట్టుకున్నారు. నేను అడగకూడనిది అడిగినట్టు కాదు, తెలిసిందే అడిగినట్టు చూశారు.

"మూడు గంటలకు ఆకలితోని వచ్చి నువ్వు దేంట్ల తింటవమ్మా?"

నిజమే. పొద్దున వార్తల కోసం వెళ్లి, ఉప్పల్‌లో మెట్రో దిగి, ఇంటికి చేరేసరికి మూడవుతుంది. పై వాటాకు మెట్లు ఆమె తలుపు పక్క నుంచే. "తిని పో" అనేది లోపలి నుంచి. బల్ల మీద అన్నం పెట్టి, పైన ఇంకో పళ్లెం బోర్లించి ఉండేది. ఒక చేత్తో తింటూ, ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుని ఆఫీసుకు వార్త చెప్పేదాన్ని. పులుసు కావాలా అని ఆమె సైగ చేసి అడిగితే, తల ఊపేదాన్ని. తిన్నాక కంచం అక్కడే వదిలేసి పైకి వెళ్లేదాన్ని. ఇన్నేళ్లలో అది ఏ కంచమో ఒక్కసారి చూడలేదు. ఎప్పుడూ ఒకటే కంచమని కూడా గమనించలేదు.

బావగారు పేపరు మడిచారు.

"పాపనే అడిగింది. పెద్దమ్మా, అమ్మ తినే తలె మీద గూడ పేరు కొట్టిచ్చి పైకిద్దామా అని. మీ అక్క వద్దన్నది."

"ఎందుకంట?"

"'పేరు కొట్టిచ్చి ఇచ్చినయి ఒక్కటన్న వాపస్ వచ్చినయానే' అన్నది."

ఆ మాట పాపకు తెలుసు. బావగారికి తెలుసు. నాకు తప్ప అందరికీ చెప్పింది. అందుకు నాకు ఇప్పటికీ కుళ్లుగానే ఉంది. ఇది రాస్తున్నప్పుడు కూడా.

అట్టపెట్టెలు మడిచి గుమ్మం బయట పెట్టాను. ఆ రోజు అన్నం నేనే వండాను. అన్నం కొంచెం మెత్తనైంది. ఇద్దరం తిన్నాం. తిన్నాక ఎప్పటిలా లేచి వెళ్లిపోలేదు, కంచాలు కడిగాను. ఒక గల్లీకి సరిపడా గిన్నెలు మోసిన స్టాండు అది. రెండు కంచాలు ఎడంగా పెడితే పక్కకు ఒరిగిపోతున్నాయి. దగ్గరగా జరిపి ఒకదానికొకటి ఆనించాను. నిలబడ్డాయి. వాటి నుంచి నీళ్లు బొట్టుబొట్టుగా కింద స్టీలు గట్టు మీద పడుతున్నాయి. అక్క గిన్నెలు కడిగి పెట్టాక వినిపించే చప్పుడే, ఖాళీ వంటింట్లో పెద్దగా వినిపించింది. ముందు గదిలో బావగారు పేపరు దించి, వంటింటి వైపు తల తిప్పారు.